కాక కారులో అద్దం

దయ్యాలున్నాయంటే నమ్మే రకం కాదు నేను. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది. "మా కంప్యూటర్‌కు ఏదో పట్టిందన్నా, దానంతట అదే బందయితుంది" అంటూ వచ్చేవాళ్లను రోజూ చూస్తాను. మూత విప్పితే దుమ్ము ఉంటుంది, లేదంటే చచ్చిన బల్లి ఉంటుంది. దయ్యం మాత్రం ఇప్పటిదాకా దొరకలేదు. కాబట్టి ఇది చదివి నన్ను తాయెత్తులు కట్టుకునేవాళ్లలో కలపకండి.

నాకున్న పిచ్చి ఒకటే, పాత సామాను. దుకాణంలో ఓ మూలన ముప్పై ఏళ్ల కిందటి 486 కంప్యూటర్ ఇప్పటికీ పనిచేస్తుంది. ఆన్ చేయగానే ఫ్లాపీ డ్రైవ్ గరగరమంటుంది. ఆ చప్పుడు వింటే నాకు కడుపు నిండినట్టుంటుంది. ఇప్పటి లాప్‌టాప్‌లు చెడిపోయేటప్పుడు కూడా నోరు విప్పవు.

పాటల సంగతీ అంతే. క్యాసెట్ కాలంలో నచ్చని పాటను కూడా వినేవాళ్లం. ముందుకు తిప్పితే టేపు చిక్కుపడుతుందని భయం. అలా విని విని నచ్చిన పాటలే ఇప్పటికీ నోట్లో నానుతున్నాయి. వేలితో దాటేసే ఈ రోజుల్లో మా పిల్లలకు ఆ భాగ్యం ఎక్కడిది?

ఇక కార్లంటారా, నా ఓటు అంబాసిడర్‌కే. ఈ కాలం సినిమాల్లో హీరో కారు గాల్లో ఎగిరి పల్టీలు కొట్టినా ఎవరూ తల తిప్పరు. అప్పట్లో విలన్ అంబాసిడర్ దిగి తలుపు ధన్‌మని వేస్తే చాలు, హాలంతా గప్‌చుప్. వెనక సీట్లో నలుగురు పట్టేవాళ్లు, ఐదోవాడికి ఎవరిదో ఒకరి ఒడి దొరికేది. మైలేజీ గురించి మాత్రం అడగొద్దు.

ఈ పిచ్చి నాకు అంటించింది మా కాక, అంటే మా బాపు తమ్ముడు. ఆయనకు తెల్ల అంబాసిడర్ ఉండేది. కాకకు పిల్లలు లేరు, అందుకని సెలవులొస్తే నేను ఆ కారులోనే ఉండేవాణ్ణి. క్యాసెట్లు మార్చే ఉద్యోగం నాది. కాక భార్య, మా చిన్నమ్మ, ఎప్పుడూ వెనక సీట్లో ఎడమవైపు కూర్చునేది. ముందు కూర్చుంటే ఎదురొచ్చే బండ్లన్నీ మీదికే వస్తున్నట్టుంటుందట. ఆమెకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. నోట్లో నాలుక లేని మనిషి. ఒంట్లో ఎంత కష్టంగా ఉన్నా, అడిగితే "మంచిగనే ఉన్న" అంటుంది.

కాక డ్రైవింగ్‌లో నాకు నచ్చనిది ఒక్కటే. కారు లోపలి అద్దం వెనక రోడ్డు కనపడేలా పెట్టుకోవాలి కదా. ఆయన చిన్నమ్మ ముఖం కనపడేలా తిప్పుకునేవాడు. నాకు డ్రైవింగ్ వచ్చాక దీని మీద ఆయనతో ఎన్నిసార్లు పేచీ పెట్టుకున్నానో.

"కాకా, ఎనక లారీ వస్తే నీకెట్ల కనవడ్తది?"

"లారీ అయితే హారన్ కొడ్తది రా. మీ చిన్నమ్మ కొట్టదు గదా."

చిన్నమ్మ "సాలు తియ్ నీ ముచ్చట్లు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ముసలి సరసం అనుకుని నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి.

కాక గుండెపోటుతో పోయాడు. కారును పాత ఇనుముకు అడగడానికి వచ్చినవాణ్ణి చిన్నమ్మ గుమ్మంలోంచే పంపేసి, తాళాలు నా చేతిలో పెట్టింది. నేను ఇష్టంగా దాన్ని మళ్లీ మనిషిని చేశాను. ఇంజను, బ్రేకులు, సీటు గుడ్డలు అన్నీ బాగుచేయించాను. లోపలి అద్దం వదులుగా ఊగుతుంటే నేనే విప్పి, కొత్త స్క్రూ వేసి బిగించాను. ఎంత బిగుతుగా అంటే, రెండు చేతులతో పట్టుకుంటే తప్ప తిరిగేది కాదు. రోడ్డు కనపడేలా పెట్టాను. ఆ తర్వాత ఎన్ని గతుకుల్లో పోయినా అది కదల్లేదు.

ఒక శనివారం అక్కన్నపేటలో మా చుట్టాల గృహప్రవేశానికి చిన్నమ్మను తీసుకుని వెళ్లాను. మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. మంచి ఎండ, మంచి రోడ్డు, మంచి పాట. నంగునూరు దగ్గరికి వస్తుంటే అద్దంలో రోడ్డుకు బదులు చిన్నమ్మ భుజం కనిపించింది. అద్దం పక్కకు తిరిగి ఉంది. బండి పక్కకు ఆపి రెండు చేతులతో సరిచేశాను. వెనక్కి చూస్తే చిన్నమ్మ కళ్లు మూసుకుని ఉంది. పొద్దున్నించి అలసిపోయి నిద్రపోతోందని పాట కూడా తగ్గించి మళ్లీ బయల్దేరాను.

కొద్ది దూరం పోయాక అద్దం నా కళ్లముందే తిరిగింది. అదరలేదు, జారలేదు. మనం అలవాటుగా సర్దుకుంటాం చూడండి, అలా మెల్లగా తిరిగి ఆగింది. ఈసారి చిన్నమ్మ ముఖం పూర్తిగా కనపడింది. కిటికీ గాలి కొడుతున్నా చెమటతో తడిసిపోయి ఉంది. నోరు సగం తెరుచుకుంది. తల కారుతో పాటు ఊగుతోంది.

"చిన్నమ్మా!" అని అరిచాను. పలకలేదు. ఆపి కుదిపితే చిన్న మూలుగు వచ్చింది. చేయి మంచులా ఉంది. కాక పోయాక మాకు పెద్దదిక్కుగా మిగిలింది ఈమె ఒక్కతే. ఆ బండిని అంత వేగంగా ఎన్నడూ నడపలేదు. సిద్దిపేట దవాఖాన చేరేదాకా అద్దం అలాగే ఉంది. నేనూ ముట్టలేదు.

షుగర్ బాగా పడిపోయిందన్నారు. పొద్దున ఇన్సులిన్ వేసుకుని, శనివారం ఒక్కపొద్దు అని ఏమీ తినలేదట. విస్తరి ముందు కూర్చుని తిన్నట్టు నటించి లేచింది. నేను నిద్ర అనుకుని ఇంటిదాకా తెచ్చి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టర్ చెబితే, బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను.

తర్వాత ఆ అద్దాన్ని నేను వదల్లేదు. స్క్రూ బిగుతుగానే ఉంది. ఎండకు కీలు వదులైతే అద్దం కిందికి వాలాలి, మనిషి వైపు తిరగడమేంటి? అదే ఎండలో, అదే రోడ్డు మీద ఒక్కణ్ణే పోయి చూశాను. కదల్లేదు. తెలిసిన మెకానిక్‌కు చూపిస్తే చేత్తో తిప్పబోయి, "గిది కదుల్తదా అన్నా, పానా వెట్టాలె" అన్నాడు. మళ్లీ ఎన్నడూ అది తిరగలేదు.

చిన్నమ్మ కోలుకున్నాక భయపడుతుందేమో అనుకుంటూనే చెప్పాను. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"ఎటు దిక్కు తిరిగింది బిడ్డా?"

"నీ దిక్కే చిన్నమ్మా."

ఇప్పుడు ఆమెను షుగర్ పరీక్షలకు నేనే తీసుకుపోతాను. ఇదివరకు ఒంటి మీదున్న చీరతోనే వచ్చి కూర్చునేది. ఇప్పుడు వాకిట్లో బండి ఆపి ఎంతోసేపు ఎదురుచూడాలి. తల దువ్వుకుంటుంది, ఇస్త్రీ చీర కట్టుకుంటుంది, ముఖానికి పౌడర్ రాసుకుంటుంది. మొన్న నాకు ఓపిక నశించింది.

"దవాఖానకే గదా చిన్నమ్మా, ఎవరు సూస్తరని గీ సింగారం?"

ఆమె వెనక సీట్లో ఎడమవైపు సర్దుకుని కూర్చుని, అద్దంలోకి చూస్తూ కొంగు సరిచేసుకుంది.

"నీకోసం గాదు తియ్. నువ్వు బండి నడుపు."