పక్క సీటు

ఒమాన్ దేశంలోని రుస్తాఖ్‌లో తెలుగువాళ్లెవరికి విమానం టికెట్ కావాలన్నా ముందు మనోహరం దగ్గరికే వెళ్లేవారు. ఆయనేం ట్రావెల్ ఏజెంటు కాదు, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపరు. సిమెంటూ మేకులూ చూసుకోగా మిగిలిన బుర్రంతా టికెట్ల మీదే పెట్టాడు. ఎంత చౌకగా తీసిస్తాడంటే, పాలకొల్లు వెళ్లాల్సినవాడు దారిలో పేరు తెలియని రెండు ఊళ్ల ఎయిర్‌పోర్టుల్లో కునికి, మెడ పట్టేసి ఇల్లు చేరేవాడు. అయినా ఆయన్ని ఎవరూ తిట్టేవారు కాదు. మళ్లీ ఏడాది అవసరం పడుతుంది మరి.

భార్య దీవెనమ్మ అక్కడి హాస్పిటల్లో డయాలసిస్ నర్సు. ఆవిడకు సెలవు దొరికితే ఆయనకు సైట్‌లో పని, ఆయనకు దొరికితే ఆవిడకు డ్యూటీ. ఆవిడ పిల్లల్ని వెంటేసుకుని ఒకసారి, ఈయన ఒంటరిగా ఇంకోసారి ఊరెళ్లి రావడమే తప్ప, కాపురం మొత్తంలో ఇద్దరూ కలిసి విమానం ఎక్కిందే లేదు. ఈ ఏడు ఎలాగో సెలవులు కలిశాయి. యూరప్ వీసా కూడా వచ్చింది. అక్కడ సెలవురోజైన శుక్రవారం, చర్చిలో ప్రార్థన నుంచి తిరిగొస్తూ కారులో దీవెనమ్మ మనసులో మాట చెప్పింది.

“ఏవండీ, నాకు నగలొద్దు, చీరలొద్దు. విమానంలో ఒక్కసారి మీ పక్కన కూర్చోవాలండి. అంతే.”

“ఓస్, అదెంత పని!” అన్నాడు మనోహరం.

తీరా చూస్తే, మస్కట్ నుంచి రోముకు ఆవిడకు సోమవారం, తనకు మంగళవారం టికెట్లు తీశాడు. చౌక సీటు రోజుకొకటే మిగిలిందట. దీవెనమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

“యూరప్ లోపల బోలెడు విమానాలున్నాయి దీవెనా, అందులో కూర్చుందాం” అని బుజ్జగించి ఫోను ముందేసుకున్నాడు. చిన్న కంపెనీ ఒకటి సామానూ, సీటూ, కాఫీ అన్నీ కలిపి అమ్ముతోంది. కాఫీ తాగని మనిషికి కాఫీ అంటగడతాడేంటని మనోహరానికి ఒళ్లు మండింది. ఇంకో పెద్ద కంపెనీ ఉత్త ప్రయాణమే అమ్ముతోంది. సంచి కాళ్ల దగ్గర ఇరికించుకోవాలి, నీళ్లు కొనుక్కోవాలి, సీటు మనమే ఎంచుకుంటే విడిగా కట్టాలి. ఆ నిజాయితీ ఆయనకు తెగ నచ్చేసింది.

“సీటుకు వేరే డబ్బులా? విమానం ఒకటే కదా, దిగేది ఒకేసారి కదా!” అని వియన్నా దాకా అందులోనే బుక్ చేశాడు.

రోము నుంచి బార్సిలోనా వెళ్లేటప్పుడు దీవెనమ్మకు ముందు వరసల్లో, ఆయనకు తోక దగ్గర బాత్రూం పక్కన సీట్లు వచ్చాయి. ఆయనకు షుగరు. విమానం పైకి లేచి కుదురుకోగానే దీవెనమ్మ నిలబడి, వార్డులో పిలిచినట్టు పిలిచింది.

“ఏవండీ! మాత్ర వేసుకున్నారా?”

విమానం విమానమంతా వెనక్కి తిరిగింది. మనోహరం తల దించుకుని చెయ్యెత్తాడు. ఆ తర్వాత పులిహోర డబ్బా బయల్దేరింది. పొద్దున్నే రోములో, హోటల్ వాళ్లకు తెలియకుండా చిన్న కుక్కర్లో వండిన పులిహోర అది. ఒక ఫాదరు గారు, ముక్కుకు రింగున్న ఒక పిల్ల, ఇద్దరు ముసలి అప్పచెల్లెళ్లు చేతులు మార్చి మార్చి వెనక్కి పంపారు. దారిలో ఎవరు మూత తీశారో గానీ, ఆయన ఒళ్లోకి వచ్చేసరికి అందులో జీడిపప్పు లేదు.

బార్సిలోనా నుంచి వియన్నాకూ అదే తంతు. మధ్యలో మనోహరం భార్యను పలకరిద్దామని ముందుకు నడిచాడు. దీవెనమ్మ నిద్రపోతోంది. ఆవిడ తల పక్క సీటులోని భారీ మనిషి భుజం మీద వాలిపోయింది. ఆ పెద్దమనిషి కదిలితే ఎక్కడ లేస్తుందోనని బిగుసుకుపోయి కూర్చున్నాడు. మనోహరం నోరు తెరవబోతే, మూతి మీద వేలు పెట్టి ‘ష్’ అన్నాడు. నా భార్యను లేపొద్దని నాకు చెప్తున్నాడే అని మనోహరానికి కోపం వచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. వచ్చిన దారినే బాత్రూం పక్కకు పోయి కూలబడ్డాడు.

వియన్నాలో దిగగానే, కొండల్లో ఉన్న ఇన్స్‌బ్రూక్‌కు ఆ చిన్న కంపెనీలోనే పక్క పక్క సీట్లు తీశాడు. ఎంతైందని దీవెనమ్మ అడిగినా చెప్పలేదు.

రెక్కలకు ఫ్యాన్లున్న బుల్లి విమానం అది. ఇంజను మొదలవగానే కిటికీలతో సహా గడగడలాడింది. నేల వదిలీ వదలగానే దీవెనమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఆయన చెయ్యి దొరకబుచ్చుకుంది. అరచెయ్యంతా చెమట. ఎన్నో ప్రాణాలు పోతున్నా నిబ్బరంగా నిలబడ్డ నర్సు, వణికిపోతోంది.

“దీవెనా, భయమా?”

“మొదట్నుంచీనండి.”

“మరి ఎప్పుడూ చెప్పలేదే?”

“విమానంలో మీరెప్పుడు ఉన్నారండి, చెప్పడానికి?”

“మరి ఇన్నేళ్లూ ఎలా వెళ్లొచ్చావు?”

“పిల్లలుంటే పిల్లల చెయ్యి పట్టుకునేదాన్ని. లేకపోతే పక్కన ఎవరుంటే వాళ్లదండి. ఎవరూ ఏమనలేదు పాపం, అందరూ మంచోళ్లే.”