బోరుబండి ఓబులేసు అరుపు

రెండేళ్ల కిందటి వేసవి. రాప్తాడు దాటాక హైవే పక్కన మాకొక చెనిక్కాయల గోడౌన్ ఉంది. రాతి గోడలు, పైన రేకులు. వరసగా వేరుశనగ పంటలు పోయి మూటలు రావడం ఆగిపోయాక మా నాయన తాళంచెవి నా ముందు పడేసి, "ఏమన్నా చేసుకోపో" అన్నాడు. నేను అందులో రికార్డింగ్ స్టూడియో పెట్టాను. చేసినవన్నీ దేవుడి పాటలు, ఎన్నికల పాటలు, చీరల దుకాణాల ప్రకటనలు. గది మోగకుండా గోడల వెంట పొట్టు నింపిన మూటలు పేర్చాను. శబ్దాన్ని అవి మింగేస్తాయి. వాటిలో కాపురం పెట్టిన ఎలుకలతో నా తగువు వేరే సంగతి.

ఒక పొద్దున నలుగురు వచ్చారు. ముగ్గురు సోమందేపల్లె దగ్గర ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లు, గిటారు, బేస్, డ్రమ్స్ వాయిస్తారు. నాలుగోవాడు ఓబులేసు. బోర్లు వేసే లారీ మీద ఆపరేటర్. ముప్ఫై దాటిన మనిషి, జుట్టు భుజాల దాకా, కనుబొమల మీద ఇంకా తెల్లటి రాతిపొడి.

"ఏం పాడతారప్పా?" అన్నాను.

"మెటల్ అక్కా. ఎక్స్‌ట్రీమ్ మెటల్. రాక్ పాటల్లో అన్నిటికన్నా మోతెక్కువది. ఆల్బమ్ చేయల్ల."

"నావి భజనలు పాడే మైకులు. మీ అరుపులకు పగిలితే దేవునికి ఎవురు సమాధానం చెప్తారు?"

ఓబులేసు నవ్వలేదు. చెవి నా వైపు తిప్పి, "గట్టిగా చెప్పక్కా" అన్నాడు.

డ్రమ్స్ వాయించే నాగరాజు నన్ను పక్కకు పిలిచాడు. "వానికి చెవులు పోతాండాయక్కా. బోరుబండి కంప్రెసర్ పక్కన ఏండ్ల తరబడి నిలబడినాడు. ఏటికేటికి తగ్గిపోతాదని డాక్టరు చెప్పినాడు."

ఓబులేసుకు మా పెదవులు చూస్తేనే అర్థమైపోయింది. "దాంట్లో దాచేదేముంది? ఇనపడేటప్పుడే నా గొంతు నేను ఒక్కసారి ఇనల్ల. అంతే నాకు కావాల్సింది" అన్నాడు.

పైగా ఆ మూటలన్నీ బయట వేయమన్నాడు. గోడౌన్ మోగాలట! మోగకూడదని ఇన్నేళ్లు నేను చచ్చేంత పాటు పడితే, ఈ మహానుభావుడు మోగాలంటాడు. సణుగుతూనే మూటలు మోయించాను.

వాళ్ల గిటారుకు డిస్టార్షన్ పెట్టారు. అంటే తీగ నాదాన్ని కావాలనే చించి గరుకు చేయడం. మొదటి తీగ మీటగానే పైన వాసాల నుంచి పాత దుమ్ము రాలింది. నాగరాజు రెండు కాళ్లతో డ్రమ్ పెడల్స్ తొక్కుతుంటే నా అరికాళ్ల కింద గచ్చు అదిరింది. అప్పుడు ఓబులేసు నోరు తెరిచాడు.

ఓరి దేవుడా! అది మనిషి గొంతని నమ్మడానికి నాకు కాసేపు పట్టింది. దాన్ని గ్రౌల్ అంటారు, పొట్ట బిగించి గొంతు అడుగు నుంచి తీసే గర్జన. నా మిషన్ మీద ముల్లు ఎర్ర గీత దాటి అక్కడే నిలబడిపోయింది, తగ్గించాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. పాటంతా ఒక్క మాట మళ్లీ మళ్లీ వస్తోంది: "ఇంకొక రాడ్డూ!"

టేక్ అయ్యాక అడిగాను, ఏమిటా మాటని.

"బోరులో నీళ్లు పడక దుమ్ము లేస్తాంటాది కదక్కా, అప్పుడు రైతు ఏం మాట్లాడడు. ఇంకొక రాడ్డు దింపప్పా, ఇంకా లోతుకు పోదాం అంటాడు. ఆ బండి మోతలో ఆయప్ప ఏడ్చినా ఎవురికీ ఇనపడదు. వాళ్లందరి ఏడుపూ నేనే ఏడుస్తాండా."

ఆ మాట నాకు కొత్త కాదు. మా చేన్లో బోరు వేసి నీళ్లు పడనప్పుడు మా నాయన నోటి నుంచి విన్నదే.

ఆల్బమ్‌లోని నాలుగు పాటలూ అలాగే తీశాం. తర్వాత మిక్సింగ్ నా వంతు. నేను ఎంత శ్రద్ధగా చేశానో! గోడౌన్ మోత తీసేశాను. రేకుల చప్పుడు తీసేశాను. లో కట్ వేశాను. అడుగున గుర్రుమనే శబ్దాలను కోసేసే మీట అది, భజన పాటలకు కళ్లు మూసుకుని వేస్తాం. అద్దంలా వచ్చింది. గర్వంగా వాళ్లను పిలిచి పెద్ద స్పీకర్లలో వినిపించాను.

నాగరాజు బాగుందన్నాడు. ఓబులేసు స్పీకర్‌కు దగ్గరగా జరిగాడు. ఇంకా జరిగాడు. అరచెయ్యి దాని మీద పెట్టి నా వైపు చూశాడు.

"నా గొంతు యాడుందక్కా?"

నాకు మండింది. "నడుములు పడిపోయేట్లు కూచోని చేసినానప్పా!"

"కోప్పడాకక్కా. నాకేమీ ఇనపడల్యా. చేతికి కూడా తగల్యా." ఆ మనిషి మొహం చూడలేకపోయాను. ఇక తన వినికిడి పూర్తిగా పోయిందనే అనుకున్నాడు పాపం.

అప్పుడు తట్టింది. మోతలో పని చేసేవాళ్లకు ముందు పోయేవి సన్నటి శబ్దాలు. మిగిలేవి అడుగునుండే బొంగురు, అదురు. శుభ్రం చేస్తున్నాననుకుని అతనికి మిగిలిన ఆ కాస్తనే నేను కోసేశాను. వేసిన మీటలన్నీ వెనక్కి తిప్పి, ఏమీ కలపని మొదటి టేక్‌ను అలాగే పెట్టాను.

గోడౌన్ ఊగిపోయింది. ఓబులేసు రెండు చేతులూ స్పీకర్‌కు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ముందు పెదవులు కదిలాయి, తర్వాత భుజాలు. "పైన రేకు దడదడమంటాంది... అదీ ఇనపడుతాంది. నేనేనక్కా! ఇది నేనే!" నవ్వుతున్నాడు, కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మా నాయన. మూటలు ఎండలో పడేశానని తిట్టడానికి వచ్చినవాడు తిట్టడం మరచి నిలబడ్డాడు. పాట అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక ఓబులేసు దగ్గరికి వెళ్లి చెవిలో గట్టిగా చెప్పాడు:

"ఆ పొద్దు మా చేన్లో నాకూ అట్లనే అరవల్లనిపిచ్చింది సామీ. నోరు రాలేదు."

ఆల్బమ్ ఆ మోతతోనే బయటికి వెళ్లింది. అప్పటినుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు వాళ్లకేం వినపడాలో అడుగుతాను, ఆ తర్వాతే మీటల మీద చెయ్యి వేస్తాను. శుభ్రం చేయడం ఎప్పుడైనా చేయవచ్చు. అసలు టేక్‌లోనే లేని ప్రాణాన్ని మాత్రం ఏ మీటతోనూ తేలేం.

ఆ పాటలో దడదడమన్న పైరేకు బోల్టు వదులుగా ఉందని మా నాయన ఇప్పటికీ సణుగుతుంటాడు. బిగించడానికి నిచ్చెన మాత్రం ఆయనా తేడు, నేనూ తేను.