అటుపక్క నుంచి చూసిన నాలుగు స్క్రూలు

సౌదీలోని ఉనైజా ఊళ్లో నేను వంటపని చేసే ఇంటి పెద్దకూతురు టీచరు. క్లాసులో పిల్లలు గుసగుసలాడినా ఓర్చుకోని మనిషి. అలాంటిది సొంత కారు కొనగానే డిక్కీలో బియ్యం డబ్బా అంత పెట్టె బిగించుకుంది. సబ్‌వూఫర్ అంట. పాట మొదలు కాకముందే అది దమ్ దమ్ అంటుంది. బడిలో నిశ్శబ్దం, రోడ్డు మీద ఊరేగింపు.

ఇంటి పెద్దాయనను అందరం బాబా అంటాం. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. మజ్లిస్‌లో, అంటే మగవాళ్లు కూర్చునే ముందుగదిలో, యాలకుల గావా కాఫీ తాగే చిన్న కప్పులు కదలకూడదు.

పెట్టె అమ్మిన షాపులో పనిచేసే పాకిస్తానీ ఆయన ఇంటికొచ్చి చక్కగానే సరిచేసి పోయాడు. వారం రోజులు కప్పులు బుద్ధిగా ఉన్నాయి. తర్వాత ఆమె తమ్ముడు, పెళ్లీడు వచ్చినా బుద్ధి రానివాడు, కారు అడిగి తీసుకెళ్లి డిక్కీలో పెట్టెకు మోత పెంచే ఆంప్లిఫయర్ మీది స్క్రూలన్నీ తన ఇష్టానికి తిప్పేశాడు. మర్నాడు ఆమె గేట్లోకి వచ్చేసరికి చుట్టాల ముందు కప్పులు గలగలలాడాయి. ఒక ముసలాయన భూకంపం అనుకుని చెప్పులు వెతుక్కున్నాడు.

నాకొచ్చింది వంటింటి అరబ్బీ. వాళ్ల మాటలు నా చెవికి మా కడప మాటల్లోనే పడతాయి, అట్లాగే రాస్తున్నాను.

"రేపు సాయంత్రం అసర్ నమాజు అయినాక నేను ఈడనే కూచుంటా," అన్నాడు బాబా. "పాట పెట్టుకోనే లోపలికి రా. కప్పు కదిలిందంటే పెట్టె మళ్లా షాపుకే."

షాపుకు ఫోన్ చేస్తే, ఆ పాకిస్తానీ ఆయన సెలవు మీద ఊరెళ్లాడన్నారు. పెద్దకూతురి ముఖం వాడిపోయింది.

"నాకు గుర్తుండాది లేమ్మా," అన్నాను.

పెట్టె సరిచేసిన రోజు ఆ షాపాయనకు టీ ఇచ్చింది నేనే. మూడో తరగతి దాటనిదాన్ని, మిషన్ల మీద ఏం రాసుందో నాకేం తెలుసు? వాషింగ్ మిషనైనా, గ్యాస్ పొయ్యైనా, గుర్తు ఎటు చూస్తోందో కళ్లతో పట్టుకోవడమే నా చదువు. నాలుగు స్క్రూలు, నాలుగు తెల్ల చుక్కలు. ఒక్క చూపు చాలు.

మర్నాడు ఆమె డిక్కీలోకి వంగి స్క్రూడ్రైవర్ పట్టుకుంది. నేను పక్కన నిలబడి చెప్పసాగాను. మొదటిది బాగా కుడికి, రెండోది పైకి, కాస్త కుడివారగా. పాట పెట్టగానే గోడ మీది పావురాలు లేచిపోయాయి.

"ఖాలా, నువ్వు మా తమ్మునికంటే ఘోరం!" అందామె. ఖాలా అంటే పిన్ని.

తమ్ముడు పళ్లికిలించాడు. "బిర్యానీ చేసే ఆయమ్మను ఇంజనీరు చేస్తివే అక్కా!"

"నువ్వు నోర్ముయ్," అని వాణ్ణి కసిరి, ఆమెకు చెప్పాను. "మూడోది సూటిగా నీవైపుకు తిప్పమ్మా."

అది తిరగలేదు. ఎంత బలం పెట్టినా అటు చుక్క రానే రాదు, అక్కడ అడ్డం ఉంది. నా కళ్లు తప్పు చూడవు. మరి?

అప్పుడు వెలిగింది. ఆ రోజు వెనక సీటు మడిచి ఉంది. ఆయన డిక్కీ వైపు నుంచి పనిచేస్తుంటే, నేను వెనక తలుపులోంచి, ఆయనకు ఎదురుగా టీ అందించాను. చూసిందంతా తలకిందులు.

సీటు మడిపించి, నడుము పట్టేసినా సరే, అటునుంచి దూరాను. "ఈపక్క మొదటిది నీకు నాలుగోది తల్లీ. ఇప్పుడు తిప్పు."

నాలుగూ నేను చూసిన చోట కుదురుకున్నాయి. పక్కన రాసింది చదివి ఏది ఏమిటో ఆమె చెప్పింది. ఆమె వైపు నుంచి మొదటిది బలం. రెండోది పెట్టెకు లావు గొంతు మాత్రమే పంపేది. మూడోది దాన్ని ఇంకా ఉబ్బించేది. నాలుగోది తలుపుల్లోని చిన్న స్పీకర్లకు ఆ బరువు తగలకుండా ఆపేది. షాపాయన మూడోదాన్ని పూర్తిగా మూసి పెట్టాడు. తమ్ముడు దాన్నే చివరంటా తెరిచాడట, మహానుభావుడు.

అసర్ అయ్యింది. బాబా కప్పులు వరసగా పేర్చుకుని, చెవులు రిక్కించి కూర్చున్నాడు. నేను గావా పోశాను.

చాలాసేపటికి విసుక్కున్నాడు. "భయపడి రాలేదేమో. పోయి పిల్చుకొని రా పో."

"వచ్చి రెండు పాటలు అయిపాయె బాబా."

ఆయన కప్పులకేసి చూశాడు, నాకేసి చూశాడు. "సరే, ఉండనీ," అని ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆమెనడిగి గోళ్ల రంగు తెచ్చి, తెల్ల చుక్కలకు ఎదురుగా నాలుగు ఎర్ర చుక్కలు పెట్టాను. ఇప్పుడు తమ్ముడు కారు తెచ్చి నిలబెట్టగానే నేను డిక్కీ తెరిచి చూస్తాను. ఈసారి సరైన పక్క నుంచే.