పచ్చకప్పకు నిచ్చెన

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ట్రామ్ నడిపి రిటైరైన ఫోల్క్‌మార్, అద్దం కనబడితే ఇప్పటికీ ముందు జేబురుమాలు తీసి తుడుస్తాడు. చెట్టుకప్పల కోసం ముందుగదిలో అమర్చిన గాజుపెట్టెనూ అలాగే తుడుస్తాడు. పెట్టె అడుగున గులకరాళ్లు, వాటిమీద మట్టి, నాచు పరిచాడు. మనీప్లాంటును ఆకు ఆకూ కడిగి మరీ నాటాడు. వెనక గోడకు బెరడు అతికించి, పూటపూటా నీళ్లు చిలకరిస్తున్నాడు. తెచ్చిన రెండు పచ్చకప్పలు మాత్రం నాచులో ముడుచుకున్నాయి. పైకి ఎక్కవు, తిండికి వేసిన కీచురాళ్లను ముట్టవు. ఎక్కడ చచ్చిపోతాయోనని అతనికి రొట్టె సయించడం లేదు.

"నిచ్చెన పెట్టరాదూ?" అంది భార్య రోజ్విత. "మా తాత సీసాలో పెంచిన కప్పకి ఉండేది. అది ఎక్కితే ఎండ, దిగితే వాన."

"ముసలమ్మల కబుర్లు! కప్పకేం తెలుసే వాతావరణం?" అన్నాడు. అన్నాడేగానీ, ఆమె బజారుకు వెళ్లగానే ఐస్‌క్రీం పుల్లలతో నిచ్చెన చేసి బెరడుకు ఆనించాడు.

తెల్లారేసరికి ఒక కప్ప పైమెట్టు మీద కూచుని కీచురాయిని మింగుతోంది. కిటికీలోంచి అది చూసిన పొరుగింటి ఇర్మెలా, ఇక ఎండ ఖాయమని ఇంట్లో దుప్పట్లన్నీ ఉతికి ఆరేసింది. మధ్యాహ్నం వాన దంచికొట్టింది.

"ఏమయ్యా, పచ్చకప్పని పచ్చి అబద్ధాలాడ్డానికే పెంచుతున్నావా?" అంది ఆమె, తడిసిన దుప్పటితో గుమ్మంలో నిలబడి.

"ఆడనీయమ్మా, తిండి తింది కదా!" అంటూ ఫోల్క్‌మార్ దుప్పటి రెండో కొస పట్టుకుని సంతోషంగా పిండాడు.