ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చిన మా కోడి

బార్బడోస్ తూర్పు కొండకొమ్మున సముద్రానికి ఎదురుగా ఒక ఇనుప గోపురం ఉంది. దానెక్కి వడపోత కాగితం మార్చడం నా ఉద్యోగం. ఆఫ్రికా ఎడారి దుమ్ము సముద్రం దాటొచ్చి ఆ కాగితం మీద పడుతుంది. తీసిన కాగితం మీద తేదీ వేసి, దుమ్ము తూచి అంకె చెప్పే ప్రయోగశాల మేడమ్‌కి పంపాలి. ఇరవై రెండేళ్ళుగా నేను వెలగబెట్టిందింతే. రమ్ము కొట్లో మాత్రం శాస్త్రవేత్తనని కోతలు కోసేవాణ్ణి.

మా అక్క అర్మీన్‌కి ఉబ్బసం. ఆయాసం వచ్చిన రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, పక్కనే నేను తెచ్చే దుమ్ము అంకె రాసుకునేది. ఎంత దుమ్ముకి తనకు ముప్పో తేలితే ముందుగానే మందు మారుస్తానన్నాడు డాక్టరు. ఒక్క పెద్ద దుమ్ము పడితే తేలిపోతుందట.

మే నెలలో ఒక శనివారం ఆ పెద్ద దుమ్ము పడింది. ఆ రోజు మా ఊరికీ పక్క ఊరికీ క్రికెట్. పొద్దున్నే పాత కాగితం తీశాను. కొత్తది ఆటయ్యాక పెడదాంలే, ఆఫ్రికా ఎక్కడికి పోతుంది అనుకున్నాను. మొదటి బంతికే ఔటయ్యాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మైదానాన్ని తిట్టుకుంటూ తలెత్తితే, దుమ్ము కమ్మి సూర్యుడు పాలిపోయి ఉన్నాడు. ఇంటికొచ్చేసరికి, ఆయాసం వచ్చిన అక్కని అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

భయం వేసింది. పెరట్లో కారు మీద పేరుకున్న దుమ్మును కాగితానికి రుద్ది పంపేశాను. అదీ ఆఫ్రికాదేగా! నా బుర్రకి అంతకు మించి తట్టలేదు.

వారానికి మేడమ్ ఫోను చేసింది.

"గిటెన్స్ గారూ, దీన్లో చెరకు మసి ఉంది, కోడి ఈక ఉంది. కోడి కూడా సముద్రం దాటొచ్చిందా?"

"గాలి గట్టిగా వీచింది మేడమ్."

"ఆ రోజు లెక్క కొట్టేస్తున్నా. ఇంకోసారిలా చేస్తే మిమ్మల్నీ కొట్టేస్తా."

ఆ సాయంత్రం, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన అక్క క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంది. ఊపిరితో పాటు ఈల వినిపిస్తూనే ఉంది.

"అంకె వచ్చిందా? చెప్పరా."

ఏదో ఒకటి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆ అంకె చూసే కదా ఆమెకి మందిస్తారు! సిగ్గుతో చచ్చిపోయాను.

"లేదక్కా. కాగితం పెట్టకుండా క్రికెట్‌కి పోయాను."

"ఎన్ని కొట్టావు?"

"మొదటి బంతికే ఔట్."

అక్క పకపకా నవ్వింది. నవ్వు దగ్గయింది, ఎంతకీ ఆగలేదు. వీపు రాస్తూ నిలబడ్డాను. ఊపిరి కుదురుకున్నాక పెన్ను నా చేతిలో పెట్టింది.

"అంకె చోట నీ పేరు రాయి. మళ్ళీ అంత దుమ్ము పడేదాకా దాన్నే చూస్తూ ఉంటాను."