కొండల్లేని ఊళ్ళో కొండ సైకిల్

మా చిన్నతనంలో ఒకరోజు మావయ్య కాకినాడ నుంచి బస్సు టాపు మీద వేసుకుని ఒక సైకిల్ తెచ్చాడు... లావు టైర్లు, వాటి మీద ట్రాక్టర్ టైరుకి ఉన్నట్టు గుబ్బలు, వెనక చక్రానికి ఒకదాని పక్కన ఒకటి పళ్ళచక్రాలు. మౌంటెన్ బైక్ అంటారట. కూతురు వరం హైస్కూలుకి గౌతమి గట్టు మీదుగా వెళ్ళాలి. వానాకాలం గట్టంతా బురద. మామూలు సైకిల్ కూరుకుపోతుందని ఇది కొన్నాడు.

వరం నాకు మేనమరదలు. తరవాత నా భార్య.

సైకిల్ దించగానే ఇంటి ముందు జనం. పక్కింటి సూర్రావుగారు టైరు నొక్కి చూశారు.

"కొండలెక్కే సైకిలంటండీ? మన కోనసీమలో ఎత్తంటే కొబ్బరిచెట్టేనండి. దాన్నెక్కుతావేంటే పాపా?"

"ఎక్కుతాను బాబాయ్. కాయలు మీరేరుకుందురుగాని" అంది వరం.

మా ఇళ్ళల్లో దేనికైనా కొబ్బరినూనే... తలకి, దీపానికి, కిర్రుమనే తలుపు బందులకి. అమ్మమ్మ గిన్నెతో నూనె తెచ్చి చెయిన్ మీదా, గేరు వైరు దూరే గొట్టంలోకీ ధారగా పోసింది. మావయ్య వద్దన్నాడు.

"జుట్టుకి మంచిది ఇనప్పదానికి చెడ్డదెలా అవుద్దిరా?" అంది అమ్మమ్మ.

కార్తీకం దాకా బాగానే నడిచింది. ధనుర్మాసం వచ్చింది. చలికి సీసాలో నూనె పేరుకున్నట్టే ఆ గొట్టంలోనూ పేరుకుంది. ఒకరోజు పొద్దున్నే ఇద్దరం బడికి బయల్దేరాం. గట్టెక్కే చోట తన సైకిల్‌కి గేరు మారలేదు. అన్నిటికన్నా బరువైన గేరులో ఇరుక్కుపోయింది. నేను అప్పటికే నా సైకిల్ దిగి తోస్తున్నాను.

"దిగవే, తోసుకెళ్దాం."

"దిగితే బడంతా చెప్తావు బావా. నీ సంగతి నాకు తెలీదా?"

సీటు మీంచి లేచి, పెడళ్ళ మీద నిలబడి, అలాగే ఎక్కేసింది. పైకి చేరాక రొప్పుతూ నవ్వింది. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు గేరు మామూలుగానే పడింది. ఎండకి నూనె కరిగింది మరి.

పాత గేరు సైకిల్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే... కొబ్బరినూనె వద్దు. చెయిన్‌ని కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె చుక్కలుగా వేయండి. పైన అంటుకున్నది గుడ్డతో తుడిచేయండి. నూనె ఎక్కువైతే ఇసుక పడుతుంది, ఇసుక పళ్ళని తినేస్తుంది. చెయిన్ సాగితే పళ్ళచక్రాలు కూడా చూడండి. అవి అరిగిపోయి ఉంటే రెండూ కలిపే మార్చాలి.

పెళ్ళయ్యాక ఆ సైకిల్ మా ఇంటికొచ్చింది. వరం పక్క ఊళ్ళో టీచరుగా చేసింది. బడికి దాని మీదే వెళ్ళేది. గట్టు మీద తారు పడ్డాక గుబ్బల టైర్లు తీసి నున్నటివి వేశాను. తారు మీద గుబ్బలు దండగ... బరువు, చప్పుడు.

కిందటేడు తన గుండె బలహీనపడింది. డాక్టరుగారు గట్టెక్కొద్దన్నారు. మా పెరట్లోంచి గట్టు కనిపిస్తుంది. గోదారి కనిపించదు.

"బావా, పాత సైకిళ్ళకి మోటారు పెడతారంట. ఫోన్లో చూశాను."

"ఎందుకు? స్కూటీ మీద తీసుకెళ్తాగా."

"వెనక కూర్చుంటే నీ వీపే కనబడుద్ది. గోదారెక్కడ కనబడుద్ది?"

మోటారు, బ్యాటరీ తెప్పించాను. ముందు చక్రంలోనే మోటారు ఉండే రకం. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఉక్కుదైతేనే ఇది పెట్టుకోండి, అల్యూమినియందైతే మోటారు వెనక చక్రానికే మంచిది. ఇరుసు తిరిగిపోకుండా ఆపే వాషర్లు మర్చిపోవద్దు. మోటారు కన్నా ముందు బ్రేకులు మార్చండి. పాత బ్రేకులు పాత వేగానికే.

వసారాలో సైకిల్‌ని రెండు చక్రాలూ నేలకానకుండా స్టాండు మీద నిలబెట్టి బిగిస్తుంటే తను మంచం మీంచి చూస్తూ పురమాయించేది.

"హ్యాండిల్ ఇంకాస్త పైకి. వంగితే ఆయాసమొస్తంది... సీటు దించు. ఇంకా దించు. కాలు నేలకానాలి కదా."

హ్యాండిల్ ఎత్తాను. సీటు దించాను. పని పూర్తయ్యాక లేచి వచ్చి మీట నొక్కింది. ముందు చక్రం గాల్లో తిరిగింది. కాసేపు అలాగే తిప్పింది.

"ఎండలు కాస్త తగ్గాక వెళ్దాం బావా" అంది.

ఎండలు తగ్గకముందే కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తిరిగి తీసుకురాలేకపోయాను.

మా చిన్నప్పుడు గేరు వైరు తెగితే కాకినాడ వెళ్ళాల్సిందే. వైరు దొరికేదాకా సైకిల్ గోడకి ఆనించి ఉండేది. ఇప్పుడు ఏది కావాలన్నా గుమ్మంలోకే వస్తోంది. గట్టు మీద రోడ్డు బాగుంది. సైకిల్ కూడా బాగుంది... అది పుట్టాక ఎప్పుడూ లేనంత బాగుంది. నేను ఎక్కలేదు. సీటు ఎత్తు నాకు సరిపోదు. మార్చాలనిపించలేదు.

చివరిగా ఒకటి. ఈ బ్యాటరీలని ఖాళీగా వదిలేస్తే పాడైపోతాయి. ఎవరూ తొక్కకపోయినా నెలకోసారి చూసి, సగం వరకైనా ఛార్జింగు ఉండేలా పెట్టాలి. పెడుతున్నాను.

మీ ఇంట్లో కూడా ఇక ఎవరూ ఎక్కని సైకిల్ ఉందా... గాలి కొడుతున్నారా, వదిలేశారా? చెప్పండి.