మామిడి అంటు

సీడీలు ఇంకా అమ్ముడవుతున్న రోజులవి. హైదరాబాద్ నుంచి వస్తూ రాజమండ్రిలో సామర్లకోట ప్యాసింజరు ఎక్కాను. సంచిలో మా ర్యాప్ పాట సీడీ ఉంది. డప్పు మీద బీటు కట్టింది నేను. నేను రాసి పాడిన చరణాన్ని మాత్రం అక్కడి మిత్రులు తీసేశారు. "ర్యాప్‌లో ఈ 'అండి' ఏంట్రా, పెళ్లిలో వడ్డిస్తున్నావా?" అని నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

కడియంలో ఒకావిడ మామిడి అంటు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. నర్సరీలో పనట. మాట్లాడుతూనే మొక్క మొదట్లో వచ్చిన లేత చిగురును గోటితో గిల్లేసింది.

"పచ్చగా ఉంది కదండీ, ఎందుకు గిల్లేశారు?" అన్నాను.

"అతుకు కిందది నాటు చిగురండి. వదిలేస్తే పై కొమ్మని ఎదగనివ్వదు."

"మరి వేరు?"

"ఆయ్, వేరు నాటుదేనండి. అది లేకపోతే పైది బతకదు. చీటీ మీద మాత్రం పైదాని పేరే రాస్తాం."

సీడీ తీసి, ఇది నా పాటేనన్నాను. ఆవిడ అట్టను రెండు వైపులా తిప్పి చూసింది.

"ఇందులో మీ పేరేదండి?"

నవ్వేశాను. హైదరాబాద్‌లో నవ్విన నవ్వే అది.